పరదేశమున నాడిన ఆటగాఁడు

జీతమునకై పరదేశపు జట్టులో నాడువానికి స్వదేశాభిమానము సన్నగిల్లునని పెద్దలలోఁ గొందఱందురు. బిడ్డలను దూరదేశమునకుఁ బంప జంకు తలిదండ్రుల మాటయు నిదియే. ఇది నాకు సమ్మతము గాదు.

సెర్బియా దేశపు ఫుట్‌బాలు ఆటగాఁడగు దేయాన్ స్టాంకోవిచ్ చరిత్రమును జూడుఁడు. ఇతఁడు 1978లో బెల్‌గ్రేడునఁ బుట్టి, అచ్చటి రెడ్ స్టార్ జట్టునఁ బేరొంది, 1998లో ఇటలీ కేఁగెను. మొదట రోములోని లాజియో జట్టునను, 2004 మొదలు 2013 వఱకు మిలానులోని ఇంటర్ జట్టునను ఆడెను. 2010లో ఇటలీ లీగును, ఇటలీ కప్పును, ఐరోపా చాంపియన్సు లీగును ఇంటర్ గెలిచినపు డిందుండెను. 2011లో షాల్కె జట్టుతోడి యాటలో నిమిషమైనఁ గడవకమునుపే నడిమిగీత దాపునుండి గోలు కొట్టెను. (ఆ యాటలో ఇంటర్ 5-2తో నోడుట వేఱు సంగతి.)

ఇంతలో స్వదేశమే రూపు మాఱెను! ప్రపంచ కప్పునందు 1998లో యుగోస్లావియాకు, 2006లో సెర్బియా-మాంటెనెగ్రోకు, 2010లో సెర్బియాకు ఇతఁడే యాడెను. కడపటిసారి నాయకుఁడు గూడ. స్వదేశపు జట్టున నాడిన 103 ఆటలలో మిక్కిలి భాగము ఇటలీలోఁ గాపురముండఁగా నాడినవే. దేశపటమున గీఁతలు మాఱినను ఇతఁడు మాఱలేదు. ఇంటనే యుండి దేశమునకుఁ జెమటబొట్టైన రాల్పనివా రెందఱు లేరు?

2019లో రెడ్ స్టార్ జట్టునకు శిక్షకుఁడై బెల్‌గ్రేడునకుఁ దిరిగివచ్చి, 2020, 2021, 2022 సంవత్సరములలో వరుసగా సెర్బియా లీగును గెలిపించెను.