ఎత్తు పెంచుతున్నారా... జాయింట్‌ జాగ్రత్త!

బాలాపూర్‌, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల రాళ్లగుట్టలకు కొదవలేదు. అలాంటిచోట తిరగాలని ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ బండి కొన్న కుర్రాళ్లకు మొదట పుట్టే సరదా- దాన్ని ఓ రెండంగుళాలు పైకి లేపించడం. అడుగున రాయి తగలదు, నిజమే. మరి ముందు చక్రాల సంగతో?

పాత జీపుల్లో ముందు చక్రాలు రెండూ కమాను పట్టీల మీద, ఒకే ఇరుసుకు ఉండేవి. 2020లో వచ్చిన కొత్త థార్‌లో అలా కాదు. ఏ చక్రానికాచక్రం విడిగా పైకీ కిందికీ కదులుతుంది. అది ఎలా ఊగినా ఇంజిన్‌ శక్తిని అందించేవి డ్రైవ్‌ షాఫ్టుకు రెండు చివరలా ఉండే సీవీ జాయింట్లే. చక్రం వైపుది సుమారు 45 డిగ్రీలు వంగుతుంది. లోపలిది అందులో దాదాపు సగమే.

స్ప్రింగుల దగ్గర బండిని లేపితే డిఫరెన్షియల్‌ కూడా పైకెళ్తుంది. చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది. అంటే, బండి కదలకముందే షాఫ్ట్‌ వాలిపోయి, జాయింట్‌ వంగే అవకాశంలో కొంత ఖర్చయిపోయిందన్నమాట! ఆపైన చక్రం గుంతలో వేలాడుతూ, స్టీరింగ్‌ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌ తొక్కితే లోపలి ఉక్కు గుండ్లు ఇరుక్కుని జాయింట్‌ విరగొచ్చు. ఇంటిల్లిపాదీ గుట్టల మధ్య చిక్కుకుపోయినట్టే.

మలుపులో టకటకమని చప్పుడొచ్చినా, రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారుతున్నా వెంటనే మెకానిక్‌కి చూపించాలి. రాయి ఎక్కేటప్పుడు స్టీరింగ్‌ వీలైనంత తిన్నగా ఉంచి, నెమ్మదిగా పోనివ్వాలి. లేపించే తీరాలనుకుంటే డిఫరెన్షియల్‌ని తిరిగి కిందికి దించే బ్రాకెట్లు, చక్రం మరీ జారకుండా ఆపే పట్టీలు కూడా వేయించుకోవాలి.