బొమ్మ మారింది, పలక మారలేదు



మొన్న మా సెకండియర్ పిల్లాడొకడు స్టాఫ్ రూముకి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ‘మేడమ్, మన ఊరితో మారియో లెవెల్ చేశా, ఆడి చూడండి’ అన్నాడు. వేపచెట్టు, రచ్చబండ, గుడి మెట్లు, పెంకుటిళ్లు, అన్నీ వాడే గీసుకున్న బొమ్మలు. ఊరి చివర మన పల్లె కూడా ఉంది. చర్చి, అంబేద్కర్ విగ్రహం, చిన్న చిన్న ఇళ్లు. మురిసిపోయి చర్చి అరుగు మీదికి దూకాను. మారియో అరుగులోంచి జారి నేలమీద పడ్డాడు.

వాడు చేసింది సూపర్ మారియో బ్రదర్స్ ఎక్స్‌లో. 2009లో ఆండ్రూ స్పింక్స్ అనే అభిమాని తయారుచేసిన ఆట అది. అందులో ప్రతి పలకకీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు పేరుతో మన బొమ్మ ఫోల్డర్లో పెడితే పాత బొమ్మ పోయి మనది కనిపిస్తుంది. కానీ మారేది బొమ్మే. పలక గుణం పాతదే. బ్లాక్ అయితే కాలు ఆనుతుంది. బ్యాక్‌గ్రౌండ్ అయితే ఊరికే అలంకారం, మనిషి అందులోంచి నడిచిపోతాడు.

వాడి లెవెల్లో గుడి మెట్లు బ్లాకులు. రచ్చబండ బ్లాక్. పల్లె మొత్తం బ్యాక్‌గ్రౌండ్.

ఎందుకురా అంటే, ‘పల్లెలో ఆటేముంటుంది మేడమ్, అందంగా ఉంటుందని పెట్టా’ అన్నాడు. వాడూ పల్లెలో పుట్టినవాడే. నా బాధ అదే. ఎన్ని తెలుగు నవలల్లో చదివాను ఈ పల్లెని! కథంతా ఊళ్లో నడుస్తుంది, పల్లె దూరంగా దీపంలా కనపడుతుంది.

‘ఆటలోకి కూడా కులం తెస్తారా’ అనబోయేవాళ్లకు ఒక మాట. 1985 నాటి మొదటి ఆటలో మబ్బూ పొదా ఒకే బొమ్మ. జాగా చాలక రంగు మార్చి వాడారు. తెల్లదైతే పైన, పచ్చదైతే కింద. అక్కడది పొదుపు. ఒకే మనిషి రూపాన్ని పైనొకటి కిందొకటిగా పెట్టిన మన దేశంలో దాని పేరు వర్ణం. కులాన్ని ఆటలోకి మేం తేలేదు. ఎవరూ గీయకముందే అది పలకల్లో ఉంది.

బొమ్మ మార్చి గుణం ఉంచడం మనకు కొత్తా? ఏప్రిల్ 14న పటం పెట్టి దండ వేస్తారు. 15న కమిటీలో కుర్చీ అడిగితే మొహం తిప్పుకుంటారు. మహద్ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ నీళ్లు మనకు బ్యాక్‌గ్రౌండే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బొమ్మలు గీయండి. మన డప్పు గీయండి, మన అమ్మల్ని గీయండి. అరువు ఆటలో మన లోకం నిలబెట్టుకోవడం మన హక్కు. కానీ ఎవరైనా ‘మీ బొమ్మ కూడా పెట్టాం కదా’ అంటే మాత్రం చప్పట్లు కొట్టొద్దు. దూకి చూడండి. కాలు ఆనుతుందా లేదా?

జై భీమ్.