గాలీ లోహం కలిసేచోటే అసలు లెక్క

గేమ్ ఆడుతుంటే ల్యాప్‌టాప్ ఫ్యాన్ బుస్సుమంటుంది కదా! ఆ గాలి ఎంత వేడిని లాక్కెళ్తుందో సిమ్యులేషన్‌లో లెక్కగట్టడమే నా పని. కొత్తగా చేరినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ‘హీట్‌సింక్ మీద హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియంట్ ఎంత వేయాలి?’

పుస్తకంలోంచి ఓ అంకె తీసి వేసేయొచ్చు. రంగురంగుల బొమ్మా వచ్చేస్తుంది. కానీ హీట్‌సింక్ రెక్కల మధ్య గాలి ఒకచోట జోరుగా, ఇంకోచోట బద్ధకంగా పోతుంది. అన్నిచోట్లా ఒకే అంకె ఎలా సరిపోతుంది?

అందుకే గాలినీ లోహాన్నీ కలిపే సాల్వ్ చేయమంటాను. దీని పేరు కాంజుగేట్ హీట్ ట్రాన్స్‌ఫర్. పేరే పెద్దది, రూల్స్ రెండే. గాలీ లోహం తాకేచోట రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. లోహం వదిలిన వేడంతా గాలికి చేరాలి. అక్కడ మెష్ సన్నగా ఉండాలి, పిసినారితనం పనికిరాదు. పైగా గాలి క్షణాల్లో మారుతుంది, లోహానికి నిమిషాలు పడుతుంది. చివరికి ఎంత వేడి దగ్గర ఆగుతుందో తెలిస్తే చాలనుకుంటే, స్టెడీ స్టేట్ రన్ చేసుకోండి. రాత్రంతా కాపలా కాయక్కర్లేదు.

చాలామంది వదిలేసేది మాత్రం చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సందు. బొమ్మలో రెండూ అతుక్కునే ఉంటాయి. నిజంలో మధ్యలో గాలి దూరుతుంది. అల్యూమినియం ఉష్ణవాహకత సుమారు 200 అయితే, అదే కొలతలో గాలిది 0.026! థర్మల్ పేస్ట్ రాసేది ఆ గాలిని తరిమేయడానికే. పేస్ట్‌కీ కొంత నిరోధం ఉంటుంది. దాన్ని మోడల్‌లో పెట్టకపోతే స్క్రీన్‌పై చిప్ చల్లగా కనిపిస్తుంది. డబ్బు పెట్టి కొన్నవాడి దగ్గర మాత్రం వేడెక్కి, వేగం తగ్గించుకుని, గేమ్ మధ్యలో నత్తనడక నడుస్తుంది.

రిపోర్ట్ నా దగ్గరికొస్తే బొమ్మలు తర్వాతే చూస్తా. చిప్‌లో 45 వాట్లు పెట్టారా? స్టెడీ స్టేట్‌లో బయటికొచ్చిన వేడిని కూడండి. 38 వాట్లే వచ్చిందంటే, ఇంకా రన్ కానివ్వండి.