ఊపు మిషనుదా, చేతిదా?

పిల్లల సంగీతం క్లాసుకు కీబోర్డు కొందామా వద్దా అని మన గ్రూపులో వాదన నడుస్తా ఉంది. కొనాలనేదే మా పక్షం. అయితే ఒక షరతు.

సింథసైజర్‌లో లో ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్, అంటే ఎల్‌ఎఫ్‌ఓ, అని ఒకటి ఉంటుంది. దాని ఊపు మామూలుగా సెకనుకు 20 సార్లకు లోపే కాబట్టి అది చెవికి స్వరంగా వినపడదు. వేరేదాన్ని ఊపడమే దాని పని. శ్రుతిని ఊపితే వైబ్రాటో. శబ్దం హెచ్చుతగ్గులను ఊపితే ట్రెమొలో. ఫిల్టర్‌ను ఊపితే ‘వావ్ వావ్’ అనే నాదం. వేగం, లోతు మనమే పెట్టుకోవచ్చు. 1970లో వచ్చిన మినీమూగ్‌లో ఇందుకు వేరే ఆసిలేటర్ లేదు, మూడో ఆసిలేటర్‌నే నెమ్మది చేసి వాడుకునేవారు.

ఎక్కువ కీబోర్డుల్లో మాడ్యులేషన్ చక్రం తిప్పితే ఈ ఊపు శ్రుతి మీదికి వస్తుంది. అదే గమకం అనుకోవడంలోనే చిక్కు. తోడిలో గాంధారం ఊగాలి, షడ్జమం, పంచమం కదలకూడదు. ఎల్‌ఎఫ్‌ఓకు ఆ భేదం తెలీదు. సెకనుకు ఆరు అని పెడితే అన్నిటినీ ఆరుసార్లే ఊపుతుంది. గమకం అట్లా కాదు. ముందు వెనక స్వరాలను, కాలాన్ని, సాహిత్యాన్ని చూసి ఊగుతుంది.

గమకం పలకదన్నది ఒక కారణంగా హార్మోనియంను ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. ఆ మాటే పట్టుకొని కీబోర్డూ వద్దనే పెద్దలతో మేము ఒప్పుకోము. కీబోర్డుకు పిచ్ బెండ్ చక్రం ఉంది. అది వాయించేవాడి చెయ్యి చెప్పినట్టు స్వరాన్ని వంచుతుంది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ పరాయి వాయిద్యమైన మాండలిన్ మీదే గమకం పలికించలేదా?

మన పిల్లలు తమిళంలో చదువుతారు, మేమూ అట్లే చదివాం. ఇక్కడ చాలామందికి తెలుగు నోట నిలిచింది త్యాగయ్య కీర్తనల వల్లనే. ప్రతి అక్షరాన్నీ ఒకే వణుకుతో వణికిస్తే ఆ రాగమూ నిలవదు, ఆ మాటా చెవికి ఆనదు.

అందుకే బెండ్ చక్రం ఉన్న కీబోర్డే కొనండి. మొదటి ఏడాది మాడ్యులేషన్ ముట్టనివ్వకండి. ఆ తర్వాత సినిమా పాటలకు హాయిగా వాడుకోనీ. డిలే పెడితే స్వరం ముందు నిలిచి పిదప ఊగుతుంది, వినడానికి బాగుంటుంది. కమిటీ తీర్మానంలో ఈ షరతు కూడా రాసుకోవాలని మా మనవి.