ఉమ్మడి ఫైళ్లకు సరైన చోటు
సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికీ, కొనేవారికీ విజ్ఞప్తి

ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ముగ్గురు పనిచేసే ప్రతిచోటా, అది బిల్లింగ్ కౌంటర్ కావచ్చు, డీటీపీ సెంటర్ కావచ్చు, రైసుమిల్లు ఆఫీసు కావచ్చు, సాఫ్ట్‌వేర్ పుట్టించే ఫైళ్లు ముఖ్యంగా రెండు రకాలుగా ఉంటాయి. అందరికీ చెందిన లెక్కలు, పట్టికలు, పదకోశాలు ఒక రకం; అక్షరం సైజు, కీబోర్డు అమరిక, తెర రంగు వంటి, ఎవరికి వారు మార్చుకునే సెట్టింగులు రెండో రకం. ఈ రెండింటినీ వేరుచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ వాటికి కేటాయించిన చోట్లలోనే ఉంచాలనీ, ఆ చోటు ఏదో కొన్నవారికి స్పష్టంగా చెప్పాలనీ, ఉమ్మడి ఫైలును ఎవరెవరు తిరగరాయవచ్చో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే నిర్ణయించాలనీ తయారీదారులను కోరుతూ, అలా చేయని సాఫ్ట్‌వేర్‌కు డబ్బు చెల్లించవద్దని కొనుగోలుదారులకు విన్నవిస్తూ ఈ కరపత్రం వెలువడుతున్నది.

ఇప్పటి గందరగోళానికి మూలం పాత అలవాటులో ఉంది. విండోస్ 95, 98 కాలంలో డిస్కుకు వాడిన ఫ్యాట్ అనే అమరికలో ఏ ఫైలు ఎవరిదన్న గుర్తే ఉండేది కాదు. కంప్యూటర్ ముందు కూర్చున్నవారు ఎవరైనా ఏ ఫోల్డర్‌లోనైనా రాయగలిగేవారు కనుక, ప్రోగ్రామ్ ఉన్నచోటే దాని లెక్కల ఫైలునూ, ఐఎన్ఐ అని పిలిచే సెట్టింగుల ఫైలునూ పెట్టేయడం తయారీదారులకు సులువైన దారి అయింది. విండోస్ 2000 నాటికే ఒక్కొక్క లాగిన్‌కు వేరు ఫోల్డర్లు, అందరికీ కలిపి మరొక ఫోల్డర్ ఏర్పడ్డాయి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో డేటా రాయరాదన్న నియమాన్ని కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడే పెట్టింది. అయినా 2001లో వచ్చిన ఎక్స్‌పీని ఇళ్లలోనూ, చిన్న ఆఫీసుల్లోనూ ఎక్కువమంది అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తోనే, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చగల పూర్తి అధికారంతోనే వాడడం వల్ల, తప్పుచోట రాసే ప్రోగ్రాములు కూడా నిక్షేపంగా నడిచాయి, వాటిలోని తప్పు ఎవరి కంటా పడలేదు.

2007 జనవరిలో మార్కెట్‌లోకి వచ్చిన విస్టా ఆ స్వేచ్ఛకు అడ్డుకట్ట వేసింది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయినా సరే, అనుమతి అడిగి తీసుకుంటే తప్ప ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడం కుదరదన్న ఏర్పాటు దానితో వచ్చింది. పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా మూలపడకుండా విస్టా ఒక సర్దుబాటు కూడా చేసింది. ఆ సర్దుబాటు నేటి విండోస్‌లోనూ కొనసాగుతున్నది. తనకు ఏ స్థాయి అధికారం కావాలో ముందుగా ప్రకటించని 32 బిట్ల ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, సిస్టమ్ దాన్ని కాదనకుండా, ఆ రాతను ఆ లాగిన్‌కు చెందిన వర్చువల్‌స్టోర్ అనే మరుగు ఫోల్డర్‌లోకి మళ్లిస్తుంది. తర్వాత అదే ఫైలును చదవబోయినప్పుడు ఆ మరుగు ప్రతినే చూపిస్తుంది.

దీని పర్యవసానాన్ని ఒక బట్టల దుకాణంలో ఊహించి చూస్తే ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. పగలు ఒక గుమస్తా, సాయంత్రం మరొక గుమస్తా వేర్వేరు లాగిన్లతో ఒకే బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను తెరిచి పనిచేస్తారు. పగటి బిల్లులు మొదటి గుమస్తా వర్చువల్‌స్టోర్‌లోకీ, సాయంత్రపు బిల్లులు రెండో గుమస్తా వర్చువల్‌స్టోర్‌లోకీ చేరుతుంటాయి. ఒకరి బిల్లులు మరొకరికి కనిపించవు, బిల్లు నంబర్లు మాత్రం ఇద్దరికీ అవే మళ్లీ పడుతుంటాయి. రాత్రి యజమాని వచ్చి, ఏదో తేడా ఉందని అదే ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఈ మళ్లింపు ఆగిపోయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ఫైలు కనిపిస్తుంది. అందులో ఆ రోజు బిల్లు ఒక్కటీ ఉండదు. ఒక దుకాణానికి మూడు పద్దులు ఏర్పడతాయి. మూడూ ఆ డిస్కులోనే ఉన్నా, వాటి ఉనికి దుకాణంలో ఎవరికీ తెలియదు. సిస్టమ్ నెమ్మదించిందని ఎవరైనా సి డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టిన రోజున మూడూ కలిసే పోతాయి. దీన్ని గుమస్తాల పొరపాటుగానో, వైరస్ పనిగానో జమకట్టడం అన్యాయం. ఆ ఫైలును అక్కడ పెట్టాలని నిర్ణయించినవారిదే ఆ బాధ్యత.

ప్రోగ్రామ్ ఫైల్స్‌ను విడిచి, ఉమ్మడి డేటాకోసమే ఉన్న ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్‌ను ఎంచుకున్న తయారీదారులు సగం దారి నడిచినట్టే, కానీ మిగిలిన సగంలోనే చాలామంది తడబడుతున్నారు. ప్రోగ్రామ్‌డేటాలో మామూలు లాగిన్ ఉన్న ఎవరైనా కొత్త ఫైలును సృష్టించవచ్చు, ఇతరుల ఫైలును చదవవచ్చు, అయితే ఒక ఫైలును తిరగరాసే హక్కు మామూలుగా దాన్ని సృష్టించినవారికీ, అడ్మినిస్ట్రేటర్‌కూ మాత్రమే ఉంటుంది. అందువల్ల ప్రోగ్రామ్‌ను మొదట తెరిచిన ఆపరేటర్ లాగిన్ పేరిట లెక్కల ఫైలు పుడితే, తర్వాతి షిఫ్టులో వచ్చినవారికి పాత లెక్కలన్నీ తెరమీద కనిపిస్తాయి, కొత్త పద్దు సేవ్ చేయబోతే మాత్రం అనుమతి లేదన్న సందేశం వస్తుంది. తయారీ సంస్థలో పరీక్షించేటప్పుడు ఒకే లాగిన్‌తో పరీక్షిస్తారు కనుక ఈ లోపం అక్కడ బయటపడదు, కొన్నవారి దగ్గరే బయటపడుతుంది.

ఇలాంటప్పుడు సిస్టమ్ బాగుచేసేవారు రెండు చిట్కాలు ప్రయోగిస్తారు, రెండూ హానికరమైనవే. అందరి లాగిన్లనూ అడ్మినిస్ట్రేటర్లుగా మార్చడం మొదటిది. అప్పుడు ఈమెయిల్‌లో వచ్చిన ఒక దొంగ ఫైలును ఏ ఒక్కరు తెరిచినా, అధికార అనుమతి అడిగే తెర రాగానే అలవాటుగా అవునని నొక్కితే చాలు, కంప్యూటర్ మొత్తం దాని గుప్పిట్లోకి పోతుంది. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ మొత్తం మీద అందరికీ పూర్తి హక్కులు ఇవ్వడం రెండోది. ఆ ఫోల్డర్‌లో డేటాతోపాటు ప్రోగ్రామ్‌నూ, అది నడిచేటప్పుడు వాడుకునే డీఎల్ఎల్ అనే సహాయక ఫైళ్లనూ మార్చే వీలు ఎవరికైనా చిక్కుతుంది. అలా మార్చినదాన్ని ఒకసారి అడ్మినిస్ట్రేటర్ నడిపితే, మార్చినవారికే ఆ అధికారం దక్కుతుంది. సరైన మార్గం ఇంతకన్నా కష్టమైనదేమీ కాదు. ఇన్‌స్టాల్ కార్యక్రమం ఎలాగూ అడ్మినిస్ట్రేటర్ అనుమతితోనే నడుస్తుంది కనుక, అది ప్రోగ్రామ్‌డేటాలో తన సంస్థ పేరుతో, ప్రోగ్రామ్ పేరుతో ఫోల్డర్ ఏర్పరచి, అందులో డేటా ఉండే ఒక్క ఉపఫోల్డర్‌కు మాత్రమే వినియోగదారులందరికీ మార్పుచేసే హక్కు ఇచ్చి, ప్రోగ్రామ్ ఫైళ్లను ఎవరూ తాకని చోటే ఉంచితే సరిపోతుంది. మొదటినుంచీ అనుసరించదగిన ఈ పని ఇన్నేళ్ల తర్వాత కూడా అరుదుగా కనిపించడం విచారకరం.

సెట్టింగుల విషయానికి వస్తే, విండోస్‌లో ప్రతి లాగిన్‌కూ యాప్‌డేటా అనే ఫోల్డర్, అందులో రోమింగ్, లోకల్ అనే విభాగాలు ఉంటాయి. పెద్ద సంస్థల్లో ఉద్యోగి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా వెంట రావలసిన చిన్న సెట్టింగులు రోమింగ్‌లో ఉండాలి; పోయినా మళ్లీ తయారుచేసుకోగల తాత్కాలిక ఫైళ్లు లోకల్‌లో ఉండాలి. వందల మెగాబైట్ల తాత్కాలిక సరుకును రోమింగ్‌లో నింపే ప్రోగ్రాముల వల్ల, ఆ ఏర్పాటు ఉన్న ఆఫీసుల్లో ఉదయం లాగిన్ కావడానికే ఎంతో సమయం పడుతుంది. యాపిల్ కంప్యూటర్లలోనూ లైబ్రరీ అనే ఫోల్డర్ కింద ఇలాంటి విభజనే ఉంది.

ఈ విషయంలో లినక్స్ సంప్రదాయం నుంచి నేర్చుకోవలసింది ఎక్కువ. ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉండాలో చెప్పే ప్రమాణాన్ని అక్కడివారు 1994లోనే రాసుకున్నారు, దాని మూడో సంచిక 2015లో వెలువడింది. 2003లో ఎక్స్‌డీజీ ప్రమాణం సెట్టింగులకు ఒకటి, డేటాకు ఒకటి, తాత్కాలిక ఫైళ్లకు ఒకటిగా ప్రతి వినియోగదారుకూ వేర్వేరు ఫోల్డర్లను నిర్ణయించింది. అంతకన్నా విలువైనది అందులోని అంచెల పద్ధతి: కంప్యూటర్ మొత్తానికి వర్తించే సెట్టింగు ఒకచోట ఉంటుంది, వినియోగదారు దాన్ని మార్చుకుంటే ఆ మార్పు మాత్రం సొంత ఫోల్డర్‌లో నమోదై మొదటిదానిమీద చెల్లుతుంది. తెలుగు ముద్రణాలయాల్లో ఈ పద్ధతి ఎంత ఉపకరిస్తుందో చెప్పనవసరం లేదు. ప్రూఫ్ రీడర్ ఖాయంచేసిన వర్ణక్రమాల జాబితా అందరూ చదవగలిగే, ఒక్కరే దిద్దగలిగే ఉమ్మడి చోట ఉండి, ఆపరేటర్లు సొంతంగా చేర్చుకున్న ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు వారివారి ఫోల్డర్లలో ఉంటే, ఒకరు పొరపాటున చేర్చిన తప్పు పదం పత్రిక మొత్తానికీ పాకదు.

తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు మరొకటి ఉంది. కంప్యూటర్‌లోనే సృష్టించుకునే లాగిన్‌కు తెలుగు లిపిలో పేరు పెడితే, విండోస్ ఆ పేరుతోనే వినియోగదారు ఫోల్డర్‌ను ఏర్పరుస్తుంది. యూనికోడ్‌కు ముందటి పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు దారిని, అంటే ఫైలు ఉన్న ఫోల్డర్ల వరసను, సిస్టమ్ కోడ్‌పేజీ అనే అక్షరాల పట్టిక ద్వారా చదువుతాయి. విండోస్‌లో తెలుగుకంటూ అలాంటి సిస్టమ్ కోడ్‌పేజీ లేదు కనుక, ఆ పేరు వాటికి ప్రశ్నార్థకాల గుంపుగా అందుతుంది, సెట్టింగుల ఫైలు తెరుచుకోదు. లాగిన్ పేరును ఇంగ్లీషులో పెట్టుకోమని సలహా ఇవ్వడం దీనికి పరిష్కారం కాదు, సొంత భాషలో పేరు పెట్టుకున్నందుకు వేసే శిక్ష. ప్రోగ్రామ్ దారిని తనలో ముందుగా రాసిపెట్టుకోకుండా ప్రతిసారీ సిస్టమ్‌నే అడిగి, జవాబును యూనికోడ్‌లో తీసుకోవాలి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్ తన కిందికి మార్చుకున్న కంప్యూటర్లలో దారి తప్పే ప్రోగ్రాములకు కూడా ఇదే మందు.

డేటాను డి డ్రైవ్‌లో ఉంచడమే క్షేమమన్న వాదన ఒకటి బలంగా వినిపిస్తుంది, దానిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినా లెక్కలు మిగలాలన్న అనుభవంనుంచి పుట్టిన జాగ్రత్త అది. అందుకే ఉమ్మడి డేటా చోటును యజమాని ఎంచుకునే వీలు ఉండాలి. ఎంచుకున్న చోటు పేరు మాత్రం కంప్యూటర్ మొత్తానికి వర్తించే సెట్టింగుల్లో నమోదు కావాలి, అప్పుడే ఏ లాగిన్‌తో తెరిచినా ప్రోగ్రామ్ అదే ఫైలును చేరుతుంది. అయితే డి డ్రైవ్‌లో మామూలుగా లాగిన్ అయిన ఎవరైనా ఏ ఫైలునైనా చెరిపేయగలరు కనుక అక్కడా హక్కులను విడిగా నిర్ణయించాలి; ఒకే డిస్కును రెండు భాగాలు చేసి ఉంటే డిస్కు చెడినప్పుడు రెండూ పోతాయి కనుక అది బ్యాకప్‌కు బదులు కాదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిప్పే ప్రోగ్రాములు అన్నీ తమ ఫోల్డర్‌లోనే ఉంచుకోవడం సబబే, వాటి ప్రయోజనమే అది.

కొనుగోలుదారులు డబ్బు చెల్లించే ముందు ప్రదర్శనకు వచ్చినవారిచేత మామూలు హోదాగల రెండు లాగిన్లను సృష్టింపజేసి, మొదటిదాంట్లో రాసిన బిల్లును రెండోదాంట్లో తెరిపించి, దిద్దించి, సేవ్ చేయించి చూడాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. డేటా ఫోల్డర్‌ను నేరుగా తెరిచే మీట సహాయం మెనూలో ఉందో లేదో, ప్రోగ్రామ్‌ను తీసివేసినప్పుడు అడగకుండా డేటాను చెరిపేస్తుందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా రెండూ మామూలుగా కంటికి కనిపించని ఫోల్డర్లు కనుక, ఆ మీట లేకపోతే బ్యాకప్ తీసేవారికి అక్కడ ఒక ఫైలు ఉందన్న సంగతే తెలియదు.

ఇప్పటికే తప్పుచోట రాస్తున్న ప్రోగ్రాముల తయారీదారులు తదుపరి వెర్షన్‌లో చేయవలసిన పని మరికొంత ఓపికను కోరుతుంది. కొత్త వెర్షన్ ప్రోగ్రామ్ ఫైల్స్‌నూ, ప్రతి లాగిన్ కింది వర్చువల్‌స్టోర్‌నూ వెదికి, దొరికిన ప్రతి డేటా ఫైలునూ సరైన చోటికి నకలు తీయాలి తప్ప తరలించకూడదు. పాత ఫైళ్లను యజమాని చెప్పేదాకా ముట్టుకోకూడదు. ఒకటికన్నా ఎక్కువ ప్రతులు దొరికితే తేదీని బట్టి కొత్తదాన్ని తానే ఎంచుకోకుండా, ఏ ప్రతిలో ఏ తేదీనుంచి ఏ తేదీవరకు ఎన్ని బిల్లులు ఉన్నాయో తెరమీద చూపి, కలపవలసినవి ఏవో యజమానినే అడగాలి. వార్షిక నిర్వహణకోసం ఏఎంసీ రుసుము వసూలుచేస్తున్న సంస్థలు ఈ మార్పును అదే రుసుములో చేసిపెట్టాలి. కొనుగోలుదారులు ఏఎంసీని పునరుద్ధరించే ముందు ఆ మాటను కాగితం మీద రాయించుకోవాలి.