చట్టంలో ఉన్న మందు అంగట్లో లేదు

వైద్యానికి గంజాయిని అనుమతించాలా వద్దా అన్న వాదన మన దగ్గర ఎప్పుడు రేగినా రెండు గొంతులే పెద్దగా వినిపిస్తాయి. అది సర్వరోగ నివారిణి అనీ, మన పూర్వీకుల వైద్యాన్ని తెల్లవాళ్లు వచ్చి నిషేధించారనీ ఒకరంటారు. కాలేజీ పిల్లలు ఇప్పటికే పాడైపోతుంటే తలుపులు బార్లా తెరుస్తారా అని ఇంకొకరంటారు. ఇద్దరూ తీరిగ్గా చదవాల్సింది ఒకటుంది. అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచే 1985 నాటి మత్తుమందుల చట్టం. దాని 8వ సెక్షన్ గంజాయి పండించడాన్ని, అమ్మడాన్ని, దగ్గర పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే వైద్య, శాస్త్రీయ అవసరాలను మినహాయించింది. 10వ సెక్షన్ ఆ సాగును నియమాలకు లోబడి అనుమతించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. చట్టం పూత లేని ఆకునూ గింజనూ గంజాయి నిర్వచనంలోంచే తీసేసింది. ఉత్తరాదిలో భంగు దుకాణాలు నడిచేది, ఆయుర్వేదంలో ‘విజయ’ పేరిట మందులు తయారయ్యేది ఆ వెసులుబాటు మీదే.

అంటే వైద్యానికి గంజాయి మన దేశంలో నలభై ఏళ్లుగా చట్టబద్ధమే, కాగితం మీద. మరి మందుల షాపులో తేలిగ్గా ఎందుకు దొరకదు? అసలు చర్చ మొదలవాల్సింది ఇక్కడ.

ఈ మొక్క ఆధునిక వైద్యంలో అడుగుపెట్టింది మన గడ్డ మీదే. కలకత్తా మెడికల్ కాలేజీలో ఆచార్యుడిగా ఉన్న ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ 1839లో గంజాయి మీద తన ప్రయోగాల వివరాలు ప్రకటించాడు. ముందు జంతువుల మీద, తర్వాత రోగుల మీద పరీక్షించాడు. కీళ్లవాతం, ధనుర్వాతం, కలరా, పిచ్చికుక్క కాటు, ఒక్కొక్కటీ చూశాడు. రేబిస్ రోగి బతకలేదు గానీ చివరి ఘడియల బాధ తగ్గిందని నిజాయతీగా రాసుకున్నాడు. నలభై రోజుల పసికందుకు వచ్చిన ఫిట్స్ ఆ మందుతో అదుపులోకి వచ్చాయని కూడా నమోదు చేశాడు. (దేశంలో తొలి టెలిగ్రాఫ్ తీగలు వేయించింది కూడా ఈయనే. ఆ కాలం డాక్టర్లకు ఒక్క పని చాలేది కాదేమో.)

ఇక తెల్లవాళ్లే నిషేధించారన్న మాట. వాళ్లు వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించి, 1894లో సంపుటాల కొద్దీ నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ కీడు లేదు, పూర్తి నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెట్టండి అన్నది దాని సారం. సర్కారుకు ఎక్సైజు ఆదాయం కూడా ముఖ్యమేనని వేరే చెప్పాలా! దేశమంతటికీ వర్తించేలా నిషేధం వచ్చింది స్వతంత్ర భారతంలోనే. 1961 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందం ఇచ్చిన పాతికేళ్ల గడువు ముంచుకొస్తుంటే 1985లో ఈ చట్టం చేశారు. ఆ ఒప్పందం గంజాయిని హెరాయిన్ సరసన అతి కఠినమైన నాలుగో జాబితాలో పెట్టింది. 2020 డిసెంబరులో ఆ జాబితా నుంచి తీసేయడానికి ఓటింగ్ జరిగితే 27 దేశాలు అవునన్నాయి, 25 కాదన్నాయి. అవునన్న వాటిలో భారత్ ఒకటి. వియన్నాలో అంత స్పష్టంగా చెయ్యెత్తిన దేశం ఇంటికొచ్చాక చేసింది తక్కువ.

ఇంతకీ ఇది ఏ జబ్బుకు పనిచేస్తుంది? ఇక్కడే రెండు పక్షాలకూ ఓపిక నశిస్తుంది.

గంజాయిలో వందకు పైగా కాన్నబినాయిడ్ రసాయనాలున్నా ముఖ్యమైనవి రెండు. మత్తెక్కించేది టీహెచ్‌సీ. ఆ మత్తు ఇవ్వనిది కాన్నబిడియోల్, క్లుప్తంగా సీబీడీ. అన్నిటికన్నా గట్టి రుజువున్నది ఈ రెండోదానికి. డ్రావె సిండ్రోమ్ అని పసివయసులోనే మొదలయ్యే మొండి మూర్ఛ ఉంది, మామూలు మందులకు లొంగదు. 120 మంది పిల్లలు, యువకుల మీద జరిగిన పరీక్షల ఫలితాలు 2017లో వచ్చాయి. సీబీడీ ఇచ్చిన వాళ్లలో నెలకు వచ్చే ఫిట్స్ మధ్యస్థంగా 12.4 నుంచి 5.9కి తగ్గాయి. ఉత్తుత్తి మందు ఇచ్చిన వాళ్లలో 14.9 నుంచి 14.1 దగ్గరే ఆగిపోయాయి. నిద్రమత్తు, విరేచనాలు, కాలేయ ఎంజైములు పెరగడం వంటి ఇబ్బందులు లేకపోలేదు. అయినా ఫిట్స్ సగానికి సగం తగ్గడం అంటే ఏమిటో ఆ పిల్లల తల్లులకు తెలుసు. మరుసటి ఏడు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందును ఎపిడియోలెక్స్ పేరుతో ఆమోదించింది. ఓషానెస్సీ పసికందు మీద చూసినదానికి తూకం వేసిన రుజువు రావడానికి దాదాపు 180 ఏళ్లు పట్టింది.

కీమోథెరపీ వాంతులకు టీహెచ్‌సీ ఆధారంగా తయారైన డ్రోనాబినాల్, నాబిలోన్ అమెరికాలో 1985లోనే ఆమోదం పొందాయి. సరిగ్గా మనం ఎన్‌డీపీఎస్ చట్టం చేసిన ఏడాదే. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాలు బిగుసుకుపోవడానికి నోట్లో కొట్టుకునే స్ప్రే బ్రిటన్‌లో 2010 నుంచి ఉంది.

ఆ తర్వాతివన్నీ మసక వెలుతురే. దీర్ఘకాలిక నొప్పికి గట్టి ఆధారాలున్నాయని అమెరికా జాతీయ అకాడమీలు 2017లో అన్నాయి. నొప్పి మీద పరిశోధించేవాళ్ల అంతర్జాతీయ సంఘం నాలుగేళ్ల తర్వాత అదే సాహిత్యాన్ని జల్లెడ పట్టి, ఆ ఆధారాలు చాలవు, సిఫారసు చేయలేం అంది. క్యాన్సర్‌నే నయం చేస్తుందన్న వాట్సాప్ ప్రచారానికి మనుషుల మీద నిలిచిన రుజువు లేదు. అది నమ్మి ఆపరేషన్ వాయిదా వేసుకునేవాళ్లకు జరిగే నష్టం మాత్రం ఖాయం. కుర్రవయసులో టీహెచ్‌సీ ఎక్కువున్న గంజాయి రోజూ పీల్చేవాళ్లకు మతిభ్రమణ ముప్పు పెరుగుతుందన్నదీ కొట్టిపారేయలేని సంగతి.

కాబట్టి మందు వేరు, దమ్ము వేరు. డ్రోనాబినాల్, నాబిలోన్ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారవుతాయి. సీబీడీనీ అలా తయారు చేయొచ్చు. ఈ మందుల కోసం ఒక్క గంజాయి చేను కూడా వేయాల్సిన పని లేదు. ఎన్ని మిల్లీగ్రాములో సీసా మీద రాసి ఉన్న మందును మూర్ఛ నిపుణుడు చీటీ రాసి ఇవ్వడానికీ, సందు చివర పొట్లం దొరకడానికీ ముడిపెట్టడం అన్యాయం. ఆ ముడి వేసేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. సరదాకు కావాలనుకునేవాళ్లు రోగి భుజం మీద తుపాకీ పెడుతున్నారు. భయపడేవాళ్లు ఆ రోగినే అనుమానిస్తున్నారు.

అనుమానం ఎంత చెరుపు చేస్తుందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు, మార్ఫిన్ చరిత్ర చాలు.

నల్లమందును చట్టబద్ధంగా పండించి ప్రపంచానికి ఎగుమతి చేసే దేశం మనది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, నీమచ్, రాజస్థాన్‌లోని చిత్తోర్‌గఢ్ రైతులు లైసెన్సు మీద గసగసాల పంట వేస్తారు, నీమచ్, ఘాజీపూర్ సర్కారు ఫ్యాక్టరీలు ఆ జిగురును శుద్ధి చేస్తాయి. మార్ఫిన్ వైద్యానికి ఉపయోగమా కాదా అని ఎవరికీ సందేహం లేదు. ఎన్‌డీపీఎస్ చట్టం దాన్నీ వైద్యానికి అనుమతించింది. అయినా ఏం జరిగింది? ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరు నియమాలు రాసుకుంది. కొనడానికి ఒకటి, తేవడానికి ఒకటి, నిల్వకు ఒకటి అంటూ లైసెన్సులు పెట్టింది. ఒకటి చేతికొచ్చే లోపు ఇంకోదాని గడువు తీరేది. పొరపాటు జరిగితే జైలు. ఆస్పత్రులు ఆ తలనొప్పి మాకెందుకని మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. చట్టం వచ్చిన పుష్కర కాలానికి, 1997లో, దేశం మొత్తం వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలు. చట్టం వచ్చినప్పటితో పోలిస్తే వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్‌తో మంచం పట్టినవాళ్లు పారాసిటమాల్ మింగుతూ పోయారు. డాక్టర్ల తరాలకు తరాలు మార్ఫిన్ ఎలా రాయాలో నేర్చుకోకుండానే చదువులు ముగించాయి.

దీన్ని సరిదిద్దడానికి కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన స్థాపించిన పాలియం ఇండియా వంటివాళ్లు ఏళ్ల తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించినప్పుడు కూడా ప్రభుత్వ సాయంతో నడిచే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో సగానికి పైగా మార్ఫిన్ గానీ ఉపశమన వైద్యం గానీ లేవు. ఉన్న కొద్ది చోట్లలో హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఒకటి. చివరికి 2014లో చట్టాన్ని సవరించి ‘అత్యవసర మత్తు ఔషధాలు’ అనే విభాగం తెచ్చారు. లైసెన్సుల గొలుసు తెంపి, గుర్తింపు పొందిన ఆస్పత్రికి ఒకే అనుమతి చాలన్నారు. అనుమతి ఉన్నా మందు లేని స్థితి నుంచి ఇంత దూరం రావడానికి 29 ఏళ్లు పట్టింది.

సీబీడీ ఇప్పుడు సరిగ్గా ఆ పాత మలుపులోనే నిలబడి ఉంది. చట్టం మారిస్తే సరిపోతుందనుకునేవాళ్లు బ్రిటన్‌ను చూడాలి. మొండి మూర్ఛతో బాధపడే పిల్లల తల్లిదండ్రుల పోరాటం దేశాన్ని కదిలిస్తే, అక్కడి ప్రభుత్వం 2018 నవంబరులో గంజాయి మందులను నిపుణులు రాయవచ్చంది. ఎవరి కోసం మార్చారో ఆ కుటుంబాల్లో చాలామందికి సర్కారు ఆస్పత్రిలో చీటీ దొరకలేదు. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం నొప్పికనీ ఆందోళనకనీ గిరాకీ పెరిగింది. థాయిలాండ్‌ది దీనికి తలకిందులు. 2018లో వైద్యానికి సరేనని, 2022 జూన్‌లో నిషేధ జాబితా నుంచే తీసేసి, వాడకంపై నియమాలు రాయడం మరిచింది. వేల దుకాణాలు వెలిశాయి. మూడేళ్లకు మళ్లీ డాక్టరు చీటీ తప్పనిసరి చేయాల్సి వచ్చింది.

ఇక మన ఏజెన్సీ. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల పేర్లు వినగానే శీలావతి రకం గంజాయి గుర్తొచ్చే పరిస్థితి తెచ్చారు దళారులు. ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసులు వేల ఎకరాల్లో తోటలు నరికించారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో నగరంలో ఉంటాడు. కూలికి మూట మోసి దొరికిన గిరిజన కుర్రాడు మాత్రం కటకటాల వెనక ఉంటాడు. 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్లకు తగ్గదు, 37వ సెక్షన్ వల్ల బెయిలూ అంత తేలిగ్గా రాదు.

వైద్యానికి అనుమతిస్తే ఈ గిరిజనులకు చట్టబద్ధమైన పంట దొరుకుతుందని కొందరు మంచి మనసుతోనే అంటున్నారు. అది నెరవేరే ఆశ కాదు. మొక్క నుంచి మందు తీసే కంపెనీకి కావాల్సింది రసాయనాల పాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకేలా ఉండే పంట. గది లోపల, దీపాల కింద, కెమెరాల కాపలాలో పెంచేది. కొండవాలు మీద అరెకరం పోడు చేసేవాడికి అందులో చోటు దొరకదు. ఉత్తరాఖండ్ 2018లో సాగును అనుమతించింది, హిమాచల్ ప్రదేశ్ కూడా ఆ దిశగా అడుగులు వేసింది. నార కోసం, గింజ కోసం, మత్తు తక్కువున్న రకాలు వేయడం అక్కడ పనికి రావచ్చు. హెంప్ అని పిలిచే ఆ రకాల గింజలను ఆహారంగా 2021లో ఆహార భద్రతా సంస్థ గుర్తించింది కూడా. కానీ స్మగ్లర్ల దారులు ఇప్పటికే పడిన అల్లూరి జిల్లాలో అదే ప్రయోగం చేస్తే నార మొక్కేదో గంజాయి మొక్కేదో తేల్చే భారం మళ్లీ ఆ కుర్రాడి నెత్తినే పడుతుంది. ఆ కొండలకు కావాల్సింది కాఫీకి, మిరియాలకు, పసుపుకు నిలకడైన ధర.

తెలుగు నేలకు ఈ చర్చలో అసలు వాటా వేరే చోట ఉంది. ఎపిడియోలెక్స్ అమెరికా మార్కెట్‌లోకి వచ్చినప్పుడు ఏడాదికి సుమారు 32,500 డాలర్లు అయ్యేది. అంత ధర పెట్టి మన దగ్గర ఏ మధ్యతరగతి ఇల్లూ కొనలేదు. మందుల ముడిసరుకు తయారీలో హైదరాబాద్‌కు ఉన్న అనుభవం దేశంలో మరో ఊరికి లేదు. ఎయిడ్స్ మందుల ధరలను నేలకు దించింది భారతీయ కంపెనీలే. స్వచ్ఛమైన సీబీడీని ఎన్‌డీపీఎస్ పరిధిలో ఎక్కడ ఉంచుతారో కేంద్రం అనుమానానికి తావు లేకుండా రాసి ఇవ్వాలి. మొండి మూర్ఛకు, కీమో వాంతులకు పరీక్షల్లో నిలిచిన మందులను, 2014లో మార్ఫిన్‌కు ఇచ్చినట్టే, ఒకే అనుమతి కిందకు తేవాలి. మన పిల్లల మీద మన ఆస్పత్రుల్లో పరీక్షలకు డబ్బు పెట్టాలి. వీటిలో దేనికీ పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు. ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం, ఆరోగ్య శాఖ ఒక బల్ల దగ్గర కూర్చుంటే అయ్యే పని.