ఆరోగ్య గోష్ఠి: కాచినా పోనిది

మొన్న సింధనూరు ప్రక్క ఒక క్యాంపులో, భోజనాలయ్యాక పదిమందిమీ అరుగుమీద కూర్చుని వుండగా ఒక పెద్దమ్మగారు మనవణ్ణి నా ముందుకు తోసింది. "వీడి పళ్లు చూడండి డాక్టరుగారూ! పచ్చగా గారపట్టి వున్నవి. వేపపుల్లతో తోమించాను, పొడితో తోమించాను, పోవు. అంతా బద్ధకం" అన్నది. కుర్రవాడు తల వంచుకున్నాడు.

చూశాను. పైపళ్లమీద అడ్డంగా సుద్దచారలు, వాటిమీద గోధుమరంగు మరకలు. అది తోమితే పోయే గార కాదు. చిగుళ్లలో పన్ను తయారవుతున్నప్పుడే పడిన మచ్చ. పాపం, వాడి తప్పేమీ లేదు.

"ఏ నీళ్లు త్రాగుతున్నారమ్మా?"

"కాలవ కట్టేసిన నెలల్లో బోరు నీళ్లేనండి. అయినా కాచి, వడపోసి గాని పిల్లలకివ్వం. మీరు చెప్పినట్లే!"

ఆ చివరిమాట నాకు గట్టిగా తగిలింది. నిజమే, చెప్పింది నేనే. కలరాకు, టైఫాయిడుకు, విరేచనాలకు భయపడి, నీళ్లు కాచుకోండని ఊరూరా చెప్పాను. కాస్తే క్రిములు చస్తవి. కాని ఫ్లోరైడు క్రిమి కాదే! అది నీటిలో కరిగిన వుప్పువంటిది. చారు యెక్కువసేపు మరిగితే వుప్పదనం హెచ్చుతుందని మన ఆడవారికి వేరే చెప్పాలా? యిదీ అంతే. ఆవిరై పోయేది నీరు, గిన్నెలో మిగిలేది ఫ్లోరైడు. గుడ్డలో వడపోసినా పోదు. రంగు, రుచి, వాసన దాని జాడ చెప్పవు.

ఈ జబ్బు మన దేశంలో మొదట బయటపడింది తెలుగునాటనే. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో, అంటే పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, దీనిని గుర్తించి ప్రకటించారు. అంతకుముందే అక్కడి రైతులు యెద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం గమనించారట. ఆ తర్వాత నల్లగొండ పేరు అందరూ విన్నదే. మన రాయచూరు జిల్లాలోను లింగసుగూరు, దేవదుర్గ, మాన్వి ప్రాంతాల బోర్లలో ఫ్లోరైడు హద్దు మించి కనబడుతున్నది. దీనికి మూలం నేలలోని రాయి. ఆ రాతిలో నీరు యెంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడును కరిగించుకుంటుంది.

లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫరవాలేదు. వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చునని మన ప్రమాణం. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పళ్లు చెడతవి. పెద్దలకు యేళ్లు గడిచేకొద్దీ మెడ, నడుము బిగుస్తవి. వాతమనుకుని తైలాలు రాస్తూ కూర్చుంటాము.

ఇక తిండి సంగతి. వరి తినేవారికన్న జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడు యెక్కువ నిలుస్తుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1977లో ప్రకటించారు. ఇక్కడికి వచ్చి జొన్నరొట్టె మరిగిన మనవాళ్లు కంగారు పడనక్కరలేదు. రొట్టె మానమనడం లేదు, తప్పు నీటిది. అదే సంస్థవారు 2002లో మరొక మాట చెప్పారు. బడిపిల్లలకు రోజుకు పది గ్రాముల చింతపండు యిచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు హెచ్చుగా బయటికి పోయిందట. ఈమాట వినగానే పెద్దమ్మగారు "మా పులుసు మమ్మల్ని కాపాడుతుందన్నమాట!" అని సంబరపడింది. తొందరపడకమ్మా అన్నాను. కొంత పోతుందిగాని, పూటపూటా లోపలికి పోసేది ఆగకపోతే పులుసేం చేస్తుంది?

చేయవలసింది నీటి పరీక్ష. పొరుగింటి బోరు మంచిదైతే మీదీ మంచిదనుకోకండి; బోరు బోరుకూ తేడా వుంటుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, పంచాయతీ ద్వారా పరీక్షకు పంపండి. హద్దు మించితే ఆ నీరు స్నానానికి, బట్టలకు వాడండి. త్రాగడానికీ, వంటకూ శుద్ధి చేసిన కాలవనీరో, వాననీరో, సరిగా చూసుకునే ఆర్.ఓ. యంత్రపు నీరో వాడండి. కాలవనీరు, వాననీరు మాత్రం కాచే త్రాగాలి సుమా! పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే నల్లగొండ పద్ధతి వున్నది గాని, పరీక్ష లేకుండా పటిక పాలు వుజ్జాయింపుగా వేయరాదు.

ఆ బోరునీళ్లు సీసాలో పట్టించి పంపాను. ఫలితం రాగానే యీ శీర్షికలోనే తెలియజేస్తాను. కుర్రవాడిని కోప్పడవద్దని మాత్రం అప్పుడే చెప్పి వచ్చాను.